లవ్‌లేస్ మారాలన్న అక్కచెల్లెళ్లు

1748 అక్టోబరు. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ పక్కన అచ్చాఫీసు నడుపుకునే శామ్యూల్ రిచర్డ్‌సన్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసినావిడ అసలు పేరు దాచి ‘బెల్‌ఫోర్’ అని సంతకం పెట్టింది. జవాబివ్వదలిస్తే వైట్‌హాల్ ఈవెనింగ్ పోస్ట్‌లో ప్రకటన వేయమంది. ఆవిడ బాధంతా ఒక నవల గురించి. రిచర్డ్‌సన్ రాసిన ‘క్లారిస్సా’ అప్పటికి నాలుగు సంపుటాలు వచ్చింది, ఇంకో మూడు రావాలి. కథ చావుతో ముగుస్తుందని ఎవరో అంటే విని ఆవిడ ఉండబట్టలేకపోయింది. క్లారిస్సాను బతికించండి, లవ్‌లేస్‌ను మార్చండి, ఇద్దరికీ పెళ్లి చేయండి అని బతిమాలింది. వాడెంత దుర్మార్గుడైనా తనకు వాడంటే ఇష్టం పోవడం లేదనీ ఒప్పుకుంది.

లవ్‌లేస్ అందగాడు, మాటకారి, ఉన్నవాళ్ల బిడ్డ. క్లారిస్సాకు ఇంట్లోవాళ్లు ఇష్టం లేని సంబంధం అంటగడుతుంటే మాయమాటలు చెప్పి ఆమెను తోట గుమ్మం దాటించాడు. పరువైన ఇల్లని నమ్మించి లండన్‌లో ఒక వేశ్యాగృహంలో పెట్టాడు. బెల్‌ఫోర్ ఇంకా చదవని సంపుటాల్లో ఆమెకు మత్తుమందు పట్టించి చెరిచాడు. అలాంటివాణ్ని మార్చి పెళ్లికొడుకును చేయమని అడిగింది అల్లరిచిల్లరి మనిషి కాదు. లాంకషైర్‌లో సర్ రోజర్ భార్యగా, దైవభక్తితో కాపురం చేసుకుంటున్న లేడీ డొరతీ బ్రాడ్‌షే.

ఆ కోరిక ఇంకా చావలేదు. ఇవాళ అమెరికాలో క్రైస్తవ ప్రేమ నవలలది పెద్ద మార్కెట్టు. 1979లో జానెట్ ఓక్ ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ ఆ దారి వేసింది. 1997లో హార్లెక్విన్ కంపెనీ ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ పేరుతో వాటికొక వరసే మొదలుపెట్టింది. ఆ పుస్తకాల్లో మళ్లీమళ్లీ కనిపించే కథానాయకుడు, తాగి తిరిగి దేవుడి మీద అలిగి ఊరొదిలిపోయి, చివరికి మారుమనస్సు పొంది తిరిగొచ్చేవాడు. భక్తిగల ఆడవాళ్లకు చెడ్డవాడి మీద మోజేమిటని కొందరు తేలిగ్గా తీసిపారేస్తారు. ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. ఈ ఇష్టం వెనక మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

నిజంగా బతికినవాడితోనే మొదలుపెట్టాలి. రెండో ఎర్ల్ ఆఫ్ రోచెస్టర్ జాన్ విల్మట్ రెండో చార్లెస్ కొలువులో కవి, తాగుబోతు, తిరుగుబోతు. 1665లో ఎలిజబెత్ మాలెట్ అనే ఆస్తిపరురాలిని దారికాచి ఎత్తుకుపోయినందుకు రాజు అతణ్ని టవర్ ఆఫ్ లండన్‌లో వేయించాడు. రెండేళ్లకు ఆమే అతణ్ని పెళ్లాడింది. 33 ఏళ్లకే రోగంతో మంచాన పడ్డాడు. అతని తల్లి ఇంటి చాప్లిన్ రాబర్ట్ పార్సన్స్ బైబిల్లోని యెషయా గ్రంథం 53వ అధ్యాయం చదివి వినిపించాడు. అది విని కరిగిపోయాడని, తన కాగితాలు తగలబెట్టమన్నాడని అంటారు. 1680లో అతను పోయిన ఏడాదే గిల్బర్ట్ బర్నెట్ అనే మతగురువు ఆ మారుమనస్సు కథను పుస్తకంగా వేశాడు. తర్వాత తరాల భక్తులకు అదొక సాక్ష్యం. మన ఊళ్లలో ఉజ్జీవ సభల్లో మైకు ముందుకొచ్చి తన పాత బతుకు చెప్పుకునే మనిషి చుట్టూ ఎలాంటి నిశ్శబ్దం అలముకుంటుందో చూసినవాళ్లకు ఆ పుస్తకం బలమేమిటో చెప్పక్కర్లేదు. ఎంత లోతున పడ్డవాడైతే, పైకి లాగిన చెయ్యి అంత గొప్పది.

ఆ నమ్మకం ఊరూరా పాకిన కాలంలోనే నవల పుట్టింది. 1739లో మతప్రచారకుడు జార్జి వైట్‌ఫీల్డ్ బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలకు ఆరుబయట ప్రసంగించాడు. ఆ ఏడాది నవంబరు 10న రిచర్డ్‌సన్ ‘పమేలా’ మొదలుపెట్టి రెండు నెలల్లో ముగించాడు. పమేలా పదిహేనేళ్ల పనిపిల్ల. యజమాని మిస్టర్ బి ఆమె మీద చెయ్యి వేశాడు, లొంగకపోతే ఎత్తుకుపోయి బంధించాడు. చివరికి ఆమె రాసుకున్న కాగితాలు చదివి మారాడు, పెళ్లి చేసుకున్నాడు. చర్చి వేదికల మీది నుంచి కూడా ఈ పుస్తకం చదవమని చెప్పారు.

‘పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు’ అని మన ఇళ్లలో పెద్దలు అనడం వినని వారుండరు. ఇంగ్లండులో ఆ మాట ఇంకో అడుగు ముందుకేసింది: చెడతిరిగి మారినవాడే మేలైన మొగుడు. ‘పమేలా’ ఆ మాటకు బలమిచ్చింది. అదే రచయిత ఏడేళ్ల తర్వాత ‘క్లారిస్సా’ ముందుమాటలో అది ప్రమాదకరమైన నమ్మకమని హెచ్చరించాడు. బ్రాడ్‌షే ఎంత వేడుకున్నా వినకపోవడానికి అదే కారణం. మిగతా సంపుటాలు చదివి ఆమె ఏడ్చింది. ఆయన కలం కదల్లేదు.

ఆయన ఎందుకంత పట్టుబట్టాడో అర్థం కావాలంటే ఆనాటి చట్టం గుర్తుంచుకోవాలి. పెళ్లయిన ఆడదాని సొత్తు మొగుడిదే. విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. 1857 దాకా అంతే. ఆస్తి మీద భార్యకు పూర్తి హక్కు 1882లో గానీ రాలేదు. తలుపు లేని ఇంట్లో ఉన్నవాళ్లకు లోపలి మనిషి మారడం తప్ప వేరే దిక్కేముంది? బ్రాడ్‌షే ఉత్తరం వెనక నాకు వినిపించేది ఆ కాలపు ఆడవాళ్లందరి ప్రార్థన. ఆ ప్రార్థన నిజం. ప్రమాదమూ నిజమే. మారతాడు మారతాడని దెబ్బలు తింటూ ఎదురుచూసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మంచి రచయిత్రులు ఈ చిక్కుముడిని మరో చోట పట్టుకున్నారు. అతను మారతాడా అన్నది పక్కనపెట్టి, మారేదాకా ఆమె ‘వద్దు’ అనగలదా అని అడిగారు. కందుకూరి వీరేశలింగానికి ‘రాజశేఖర చరిత్రము’ రాయడానికి ప్రేరణైన గోల్డ్‌స్మిత్ నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’లోనే దాని చిన్న మొలక ఉంది. తనను మోసగించిన థార్న్‌హిల్ మారితే అప్పుడు ఆలోచిస్తానంటుంది పాస్టరు కూతురు ఒలీవియా. 1847లో షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’లో ఆ ‘వద్దు’ చెట్టంత ఎదిగింది. బ్రాంటీ చర్చి గురువు కూతురు. ఆమె కథానాయకుడి పేరు కూడా రోచెస్టరే. భార్య బతికుండగానే జేన్‌ను పెళ్లాడబోయి పట్టుబడ్డాడు. ప్రేమ ఉన్నా జేన్ ఆగలేదు. తెల్లవారకముందే ఇల్లు విడిచింది. ఇల్లు తగలబడి, చూపూ ఒక చెయ్యీ పోయి, అతను ప్రార్థన నేర్చుకున్నాకే తిరిగొచ్చింది. మధ్యలో సెయింట్ జాన్ రివర్స్ అనే మచ్చలేని మిషనరీ, భార్యగా ఇండియాకు రమ్మని అడిగాడు, హిందుస్థానీ కూడా నేర్పించాడు. ఆమె ఒప్పుకోలేదు. మచ్చలేనితనం ఒక్కటే ప్రేమ కాదని బ్రాంటీకి తెలుసు.

అమెరికాలో ఈ కథకు పట్టం కట్టింది అలబామా రచయిత్రి అగస్టా జేన్ ఎవన్స్. 1866లో వచ్చిన ‘సెయింట్ ఎల్మో’ నాయకుడు సెయింట్ ఎల్మో మర్రీ ద్వంద్వయుద్ధంలో ప్రాణస్నేహితుణ్ని చంపినవాడు, లోకం మీద విషం కక్కేవాడు. కథానాయిక ఎడ్నా ఎర్ల్ కమ్మరి తాత పెంచిన అనాథ. ఎల్మో దూరదేశాలు పోతూ ఒక చలువరాతి బొమ్మ తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. ఆ బొమ్మ తాజ్‌మహల్. తన రహస్యం అందులో ఉందన్నాడు, తెరవొద్దన్నాడు. నాలుగేళ్లూ తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఆమె తెరవలేదు. తిరిగొచ్చి ప్రేమిస్తున్నానంటే మాత్రం కాదంది. తన మనసు లాగుతున్నా సరే, మళ్లీమళ్లీ కాదంది. అవిశ్వాసితో ఒకే కాడికి పూనవద్దని బైబిల్లో పౌలు అన్న మాట ఆమెకు సంకెల కాలేదు, కవచమైంది. క్రైస్తవ ప్రేమ నవల ఆకర్షణంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఎడ్నా మనసైన మగవాడికి కాదని చెప్పి, తన దారిన తాను బతికి, పేరున్న రచయిత్రి అయింది. ఆమె కోసం కాక తన పాపం కోసం అతను ఏడ్చి, పాస్టరై వచ్చాకే ఔనంది.

జనం ఎంత వెర్రిగా చదివారంటే ఊళ్లకే ఆ పేరు పెట్టుకున్నారు. కొలరాడో కొండల్లో ఇప్పుడు దాదాపు ఖాళీ అయిపోయిన సెయింట్ ఎల్మో ఊరు అలా పేరు వచ్చినదే. కానీ చివరి పేజీలు నన్ను బాధపెడతాయి. పెళ్లవగానే ఆ మారిన మనిషి ఎడ్నాను ఇక పుస్తకాలు రాయొద్దంటాడు.

ఇంకో అన్యాయమూ చెప్పాలి. మగవాడికి బైబిల్లో, తప్పిపోయి తిరిగొస్తే తండ్రి విందు చేసిన కుమారుడి కథ ఉంది. అదే కాలపు ఆడదానికి ఆ విందు లేదు. 1853లో మాంచెస్టర్ పాస్టరు భార్య ఎలిజబెత్ గాస్కెల్ ‘రూత్’లో మోసపోయిన పిల్లను పవిత్రంగా చూపిస్తే, గాస్కెల్ చర్చివాళ్లే కొందరు పుస్తకం తగలబెట్టారు. అయినా రూత్ చివరికి చనిపోవాల్సి వచ్చింది. పడిన ఆడదానికీ ప్రేమకథ దక్కడం, వేశ్యను పెళ్లాడిన హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు గనులకు తెచ్చిన ఫ్రాన్సీన్ రివర్స్ 1991 నవల ‘రిడీమింగ్ లవ్’లో చూస్తాం.

మళ్లీ బ్రాడ్‌షే దగ్గరకొస్తే, ఆమె రిచర్డ్‌సన్‌ను 1750లో కలుసుకుంది. అంతకుముందు పార్కులో తనను గుర్తుపట్టడానికి తానెలా ఉంటాడో ఆయనే రాసి పంపాడు: పొట్టి మనిషి, విగ్గు, ఒక చెయ్యి కోటులో, ఇంకో చేతిలో కర్ర. ఆమె ‘క్లారిస్సా’ ప్రతి అంచుల్లో రాసుకున్న వాదనలు, వాటి కింద ఆయన రాసిన జవాబులు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆమె తోబుట్టువు లేడీ ఎలిజబెత్ ఎక్లిన్ ఇంకా ముందుకెళ్లి, నవలకు వేరే ముగింపు తనే రాసుకుంది. అది 1982లో గానీ అచ్చు కాలేదు. అందులో అత్యాచారం లేదు. లవ్‌లేస్ నిజంగానే పశ్చాత్తాపపడతాడు. అయినా ఎక్లిన్ వాడికి క్లారిస్సాను ఇవ్వలేదు.