మంజీర నీరు - రాజధాని దాహము

ఊరు చిన్నదిగా ఉన్నంతకాలము దానికి పక్కనున్న బావియు, చెరువును చాలును. ఊరు పెరిగి రాజధాని అయినపుడు దాని దాహము తీర్చుటకు దూరపు ఏరును మళ్లించవలసి వచ్చును. ఆ ఏటి నీరు అంతవరకు వృథాగా పోవుచుండెనని తలచుట పొరపాటు. అది ఎక్కడనో కొన్ని మళ్లను తడుపుచుండిన నీరే. హైదరాబాదు నీటి సరఫరా చరిత్ర ఈ సంగతిని చక్కగా తెలుపుచున్నది.

16వ శతాబ్దిలో కుతుబ్‌షాహీలు హుస్సేన్‌సాగరును త్రవ్వించిరి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలాది జనులు మరణించిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదను అరికట్టవలెనని సూచించెను. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తయ్యెను. వరదను ఆపిన కట్టలే తాగునీటిని కూడ ఇచ్చెను. ఉస్మాన్‌సాగరు నీరు పల్లమునకు తనంతట తానే ప్రవహించి వచ్చెడిది. పంపుల అవసరము లేకుండెను.

1951లో నగర జనాభా సుమారు 11 లక్షలు. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యెను. 1991 నాటికి జనాభా 43 లక్షలు. మూసీ జలాశయములు చాలకపోగా ఇంజనీర్ల చూపు మంజీరపై పడెను.

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, బీదరు మీదుగా మెదకు సీమలో ప్రవేశించి, ఉత్తరమునకు తిరిగి, నిజామాబాదు జిల్లాలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ఈ నదిపై మెదకు చెంత ఘనపురం ఆనకట్టయు, దానికి దిగువన నిజాంసాగరును అప్పటికే ఉన్నవి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ రూపకల్పనలో 1923లో ఆరంభమైన నిజాంసాగరు 1931లో ముగిసెను. దాని ఆయకట్టు 2,75,000 ఎకరములు. బోధనులో వెలసిన చక్కెర కర్మాగారమునకు వలసిన చెరకు ఈ కాలువల క్రిందనే పండెను.

నిజాంసాగరు మొదట దాదాపు 29.7 టి.ఎం.సి.ల నీటిని పట్టునట్లు కట్టబడినది. ఒక టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. నది తెచ్చిన ఒండ్రు పేరుకొని 1970ల నాటికి అది 12 టి.ఎం.సి.ల లోపునకు దిగజారెను. తరువాత కట్ట పనులు చేసి 17.8 టి.ఎం.సి.లకు పెంచిరి. పూడికతో కుదించుకొనిపోయిన జలాశయమునకు ఎగువనుండి తరుచుగా నీరు వచ్చుచుండవలెను. సరిగా ఆ కాలముననే ఎగువన నగరమునకు నీరు మళ్లసాగెను.

సంగారెడ్డి సమీపమునుండి మంజీర నీరు 1965లో మొదటి దశగను, 1981లో రెండవ దశగను నగరమునకు చేరెను. సింగూరు వద్ద సుమారు 30 టి.ఎం.సి.ల జలాశయము కట్టుటకు 1975లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల మధ్య ఒప్పందము కుదిరెను. అందులో హైదరాబాదు తాగునీటికి 4 టి.ఎం.సి.లు కేటాయింపబడెను. 1991, 1994లలో సింగూరు నీరు నగరమునకు వచ్చెను.

నాలుగు టి.ఎం.సి.లు ఎంత? సంవత్సరము పొడుగున పంచిన దినమునకు 31 కోట్ల లీటర్లు. 43 లక్షల జనులకు తలకు 72 లీటర్ల చొప్పున వచ్చును. ఆ నీటినే అడుగు లోతున పరచిన దాదాపు 92 వేల ఎకరములు మునుగును. తాబి వరికి, కాలువలో ఇంకిపోవు నీటితో కలిపి, నాలుగడుగుల లోతు కావలెననుకొన్న 23 వేల ఎకరముల పంట అగును. నగరమునకు ఒక కడవ, పల్లెకు ఒక మడి. లెక్కలో రెండును ఒకే నీరు.

మరియొక విశేషము గమనింపదగినది. మంజీర గోదావరి పరీవాహములోనిది. హైదరాబాదు కృష్ణా పరీవాహములోనిది. ఇండ్లలో వాడిన నీటిలో అధిక భాగము మురుగై మూసీలో పడి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. మూసీ దిగువ రైతులు ఆ మురుగునీటితో గడ్డియు, వరియు పండించిరి. నిజామాబాదు రైతు కోల్పోయిన నీరు మాత్రము అతని కాలువకు తిరిగి రాలేదు.

వానలు కురిసిన ఏడు ఈ భేదము తెలియదు. వానలు లేనియెడల తెలియును. 1987 జాతీయ జలవిధానము తాగునీటికి మొదటి స్థానమిచ్చెను. ఇది న్యాయమే; మనిషి దాహమునకు పంట అడ్డు రారాదు. కాని జలాశయము అడుగంటినపుడు తైబందీలో కోత పడునది రైతు పొలమునకే. సింగూరు క్రింద మునిగిన పొలముల వారు నీటికొరకు భూమిని కూడ విడిచిరి.

నగరము అంతటితో ఆగలేదు. 2004లో కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు వచ్చెను. కృష్ణా నీటిని నాగార్జునసాగరునుండి వంద కిలోమీటర్లకు పైగా, మూడువందల మీటర్లకు మించి ఎత్తునకు పంపులతో ఎక్కించవలెను. 2015-16 కరువులో మంజీర, సింగూరు ఎండినపుడు నగరమును నిలిపినవి ఈ దూరపు నదులే. ఉస్మాన్‌సాగరు నీటికి లేని విద్యుత్తు ఖర్చు ఇప్పుడు ప్రతి బిందెకును ఉన్నది.

కాబట్టి కొత్త నదిని వెదకుటకు ముందు చేయదగిన పనులు కొన్ని గలవు. గొట్టములలో కారిపోవు నీటిని ఆపుట, మురుగును శుద్ధిచేసి తిరిగి వాడుట, నగరములోని చెరువులను కాపాడుట వానిలో ముఖ్యమైనవి. కుళాయి త్రిప్పినంతనే వచ్చు నీటికి వెనుక ఒక ఆయకట్టు ఉన్నదని నగరవాసి ఎరిగిననాడు, ఆ నీటికి తగిన విలువ కట్టగలుగును.