ఎక్స్.ఎం.ఎల్. పత్రములు – శూన్యాంగముల చిక్కు

బీజగణితమున తెరచిన కుండలీకరణమును మూయక విడిచిన విద్యార్థికి మార్కులు తగ్గును. వెబ్ పుటలను వ్రాయు హెచ్.టి.ఎం.ఎల్. భాషలో మాత్రము తెరచి మూయకుండుటయే సక్రమమైన సందర్భములు కొన్ని గలవు. సాధారణముగా ఒక పేరాకు ముందొక ట్యాగు, వెనుకొక ట్యాగు ఉండి, నడుమ విషయముండును. ఈ మొత్తమును ఎలిమెంటు, అనగా అంగము, అందురు. కాని పంక్తిని విరుచుటకు వాడు 'బి.ఆర్.' ట్యాగునకు గాని, బొమ్మను చేర్చు ట్యాగునకు గాని నడుమ ఉంచదగిన విషయమే లేదు. కావున వాటికి ముగింపు ట్యాగు లేదు. ఇవి శూన్యాంగములు. చూచుటకు స్వల్పమైన ఈ విషయము పెక్కేండ్లు వెబ్ పుటల నిర్మాతలను చికాకు పెట్టినది.

దీనికి మూలము 1986లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన ఎస్.జి.ఎం.ఎల్. అను భాషలో ఉన్నది. ఆ పద్ధతిలో ఏ అంగము శూన్యమో పత్రముతోపాటు నుండు ఒక ప్రకటనలో ముందే చెప్పబడును. ట్యాగును చూచినంత మాత్రమున తెలియదు. ప్రకటనను చదివిన ప్రోగ్రామునకే తెలియును. జెనీవా సమీపమునందలి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ హెచ్.టి.ఎం.ఎల్.ను రూపొందించినప్పుడు ఈ భాష ఆకృతినే అనుసరించెను. అయితే బ్రౌజర్లు ఆ ప్రకటనను ఎన్నడును చదువలేదు. శూన్యాంగముల పేర్లను ఎక్కములవలె తమలోనే కంఠస్థము చేసికొన్నవి.

1998 ఫిబ్రవరి 10న ఎక్స్.ఎం.ఎల్. ప్రమాణము వెలువడెను. ఇందులో ఎవరికి కావలసిన ట్యాగులను వారు కల్పించుకొనవచ్చును. ప్రకటన లేకున్నను ఏ ప్రోగ్రామైనను పత్రమును చదువగలుగవలెను. అప్పుడు కంఠపాఠము పనికిరాదు. ముక్కు మొగము తెలియని ట్యాగు ఎదురైనచో, దానికి ముగింపు ఉన్నదో లేదో ఎట్లు తెలియును? అందుచేత శూన్యత్వమును ట్యాగు మీదనే చూపుటకు, చివరి కోణపు బ్రాకెట్టునకు ముందు ఒక ఏటవాలు గీతను ఉంచిరి. తెరచి వెంటనే మూసినను అర్థమొక్కటే. రెండు వ్రాతలును సరిసమానములని ఎక్స్.ఎం.ఎల్. చెప్పును. చిక్కంతయు ఈ సమానత్వములోనే పుట్టినది.

ఎక్స్.ఎం.ఎల్. పత్రములను వెబ్ పుటలుగా మార్చుటకు 1999 నవంబరు 16న ఎక్స్.ఎస్.ఎల్.టి. అను భాష ప్రమాణమైనది. దీని సంపాదకుడు జేమ్స్ క్లార్క్. ఈ పద్ధతిలో మూలపత్రము మొదట ఒక వృక్షముగా మారును. సూత్రముల ననుసరించి దానినుండి వేరొక వృక్షము పుట్టును. తుదకు ఆ వృక్షము అక్షరములుగా వ్రాయబడును. వృక్షములో ట్యాగులు లేవు, ఏటవాలు గీతలు లేవు. కొమ్మకు పిల్లకొమ్మలు ఉండును, లేదా ఉండవు, అంతే. సూత్రములు వ్రాసినవాడు గీత పెట్టెనో, జంట ట్యాగులు వ్రాసెనో వృక్షమునకు గుర్తుండదు. నిర్ణయమంతయు తుది వ్రాతలోనే జరుగును.

క్లార్క్ దీనిని చక్కగా గ్రహించెను. తుది వ్రాతకు ఎక్స్.ఎం.ఎల్., హెచ్.టి.ఎం.ఎల్., సాదా పాఠము అను మూడు విధానములు ఏర్పరుపబడినవి. హెచ్.టి.ఎం.ఎల్. విధానమున ముగింపు ట్యాగు వ్రాయరాని అంగముల పేర్లు పదమూడు ప్రమాణములోనే ఇవ్వబడినవి. అనగా పాత కంఠపాఠము దొడ్డిదారిని తిరిగి వచ్చినది. ఈ విధానమునే వాడుకొన్నవారికి కష్టము కలుగలేదు.

2000 జనవరి 26న ఎక్స్.హెచ్.టి.ఎం.ఎల్. వెలువడుటతో కష్టము మొదలైనది. ఇది ఎక్స్.ఎం.ఎల్. నియమములకు లోబడిన హెచ్.టి.ఎం.ఎల్. పలువురు పుటలను ఎక్స్.ఎం.ఎల్. విధానమున వ్రాయించి, హెచ్.టి.ఎం.ఎల్. అను చీటీతోనే బ్రౌజర్లకు పంపిరి. పంక్తి విరుపు జంట ట్యాగులుగా వెలువడినచో, బ్రౌజరు ముగింపును మరియొక విరుపుగా భావించి రెండు పంక్తులు విరిచెను. అంతకంటె ఘోరమైనది స్క్రిప్టు అంగము. వేరొక ఫైలునుండి ప్రోగ్రామును తెచ్చుకొనునప్పుడు దాని కడుపులో ఏమియు ఉండదు. కాని అది శూన్యాంగముల పట్టికలోనిది కాదు. వ్రాత యంత్రము పొదుపుగా గీత పెట్టి ముగించును. బ్రౌజరు ఆ గీతను లెక్కచేయక, ముగింపు ట్యాగు కొరకు ఎదురుచూచుచు, పుటలో మిగిలినదంతయు ప్రోగ్రామేయని మ్రింగివేయును. తెరపై ఏమియు కానరాదు. ఎక్స్.ఎం.ఎల్. దృష్ట్యా పరీక్షించినచో పత్రమున దోషమే లేదు! పలుపంక్తులు నింపు 'టెక్స్ట్ ఏరియా' పెట్టె ఖాళీగా ఉన్నప్పుడును ఇదే గతి; తరువాతి పుట అంతయు ఆ పెట్టెలో దర్శనమిచ్చును.

ఆ ప్రమాణమునకు చేర్చిన అనుబంధములో మందు లేకపోలేదు. నిజమైన శూన్యాంగములకు గీతకు ముందు ఒక ఖాళీ విడువవలెను. తక్కినవి ఖాళీగా ఉన్నను జంట ట్యాగులనే వ్రాయవలెను. ఖాళీ ఎందుకనగా, కొన్ని పాత బ్రౌజర్లు గీతను ట్యాగు పేరులోని భాగమే అనుకొనెడివి. కాని రెండవ నియమము ఎక్స్.ఎస్.ఎల్.టి. వాడువారి చేతిలో లేదు. వృక్షమునకు జంట ట్యాగులు తెలియవు గదా! కొందరు స్క్రిప్టు నడుమ ఒక ఖాళీని చొప్పించిరి. సూత్రముల పత్రములోని వట్టి ఖాళీలు ముందే తొలగింపబడును గనుక, దానిని ప్రత్యేకమైన 'టెక్స్ట్' ఆదేశములో ఉంచవలసి వచ్చినది. శూన్యము శూన్యముగా కనబడకుండుటకు ఇంత శ్రమ!

ఇందులో ఒక విడ్డూరమున్నది. ఎస్.జి.ఎం.ఎల్. నియమములను తు.చ. తప్పక పాటించినచో, ఏటవాలు గీతతోనే ట్యాగు ముగియును. వెనుకనున్న కోణపు బ్రాకెట్టు పుటపై అక్షరముగా అచ్చుపడవలెను. బ్రౌజర్లు ఆ నియమమును అమలుపరుపక పోవుటచేతనే కోట్ల పుటలు బ్రాకెట్ల చెత్త లేకుండ నిలిచినవి.

2007 జనవరి 23న వెలువడిన ఎక్స్.ఎస్.ఎల్.టి. రెండవ ప్రమాణములో ఎక్స్.హెచ్.టి.ఎం.ఎల్. అను నాలుగవ విధానము చేరెను. అనుబంధములోని జాగ్రత్తలను అది తానే పాటించును. పుటలను అసలైన ఎక్స్.ఎం.ఎల్. చీటీతో పంపు మార్గము కూడ ఉండెను గాని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 2011లో వచ్చిన తొమ్మిదవ రూపము వరకు దానిని స్వీకరింపలేదు. తప్పు ఎక్స్.ఎం.ఎల్.ది కాదు, ఒక శాసనము ప్రకారము వ్రాసిన పత్రమును వేరొక శాసనము నేర్చిన పాఠకునికి ఇచ్చుటలో ఉన్నది.

2014 అక్టోబరు 28న వెలువడిన ఐదవ హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణము శూన్యాంగముల పట్టికను మరల ప్రకటించెను. వాటి చివర గీత ఉండవచ్చును, కాని దానికి అర్థము లేదు. విడిగా కనబడిన పంక్తి విరుపు ముగింపు ట్యాగును దోషముగా ఎంచి, అయినను పంక్తిని విరువవలెనని అందులోనే నిర్ణయింపబడినది. పాత బ్రౌజర్ల పొరపాటు ఇట్లు శాసనమైనది.