గుండెలో కొత్త రక్తనాళాల పెంపకం

గుండె ధమనులు పూడిపోయి రక్తం చాలని కండరానికి, పక్కనుంచి కొత్త నాళాలు మొలిపించి రక్తం అందించాలన్న చికిత్సా ప్రయత్నం ఇది. పూడిక నెమ్మదిగా ముదిరితే శరీరమే కొన్ని పక్కదారులను వెడల్పు చేసుకుంటుంది. ఆ పనిని తొందరపెట్టాలన్నదే వైద్యుల ఆశ.

ఇందుకు తొలినాళ్లలో కత్తి పట్టినవారిలో ఒకరు మాంట్రియల్ సర్జన్ ఆర్థర్ వైన్‌బర్గ్. 1946లో కుక్కల మీద, 1950లో మనిషి మీద, ఛాతీ గోడ లోపలి ధమనిని తెంచి గుండె కండరంలో చేసిన సొరంగంలోకి దూర్చాడు. ధమని పక్కకొమ్మను కట్టకుండా, రక్తం కారుతుండగానే లోపల వదిలేశాడు. ఆ రక్తం గడ్డకట్టదా అని తోటి సర్జన్లు పెదవి విరిచారు. 1960ల మొదట్లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఆంజియోగ్రామ్ తీస్తే, ఆ ధమని గుండె నాళాలతో కలిసిపోయి కనిపించింది. కానీ 1967లో రెనె ఫావలోరో బైపాస్ వచ్చింది, వైన్‌బర్గ్ ఆపరేషన్ మూలపడింది.

రెండో దారి మందులది. కేన్సర్ గడ్డలు నాళాలను తమవైపు రప్పించుకుంటాయని 1971లో జూడా ఫోక్‌మన్ వాదించాడు. నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వేరుచేసింది. బోస్టన్‌లో జెఫ్రీ ఇస్నర్ దాని జన్యువును 1994లో కాలి ధమనిలోకి, తర్వాత గుండెలోకి ఎక్కించాడు. 1998లో జర్మనీ సర్జన్లు ఇంకో ప్రొటీన్‌ను 20 మంది గుండెల్లోకి సూదితో ఎక్కించి, 12 వారాలకు కొత్త కేశనాళికలు చూపించారు. వాళ్లకు బైపాస్ కూడా అప్పుడే చేశారు. అందుకే ఫలితంలో ప్రొటీన్ వాటా ఎంతో తేల్చడం కష్టం.

పెద్ద పరీక్షల్లో బండారం బయటపడింది. వీఈజీఎఫ్‌ను పరిశీలించి 2003లో వెలువడిన వీవా పరీక్షలో 178 మందిలో ఉత్తుత్తి మందు తీసుకున్నవారూ మెరుగయ్యారు, 60 రోజులకు నడక పరీక్షలో తేడా లేదు. ప్రొటీన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. పైగా పలచని కేశనాళికలు పెరిగితే సరిపోదు, రక్తాన్ని మోసే గట్టి ధమనులు కావాలి. ప్రయోగాల్లో కుర్ర పందిలో పనిచేసింది ముసలి మధుమేహ రోగిలో పనిచేయకపోవడంలో వింతేముంది?

వింత మరొకటి ఉంది. ఇదే వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందులు మధుమేహుల కళ్లను కాపాడుతున్నాయి. అలాంటి కేన్సర్ మందు బెవాసిజుమాబ్‌ను హైదరాబాద్ సంస్థ హెటిరో 2016లో విడుదల చేసింది. నాళాలను ఆపే మందు మన దగ్గరే తయారవుతోంది, గుండెలో పెంచే మందు మాత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. కారేపల్లి లాంటి ఊరి నుంచి ఖమ్మం ఆసుపత్రికి వెళ్లే గుండెజబ్బు రోగికి నేటికీ దారి మందులు, స్టెంట్, బైపాసే.