ఆ 56 మంది ఎక్కడ?

1991 సెప్టెంబరు 2. అమెరికాలోని న్యూజెర్సీ తీరానికి దాదాపు అరవై మైళ్ల అవతల, అట్లాంటిక్‌లో 'సీకర్' అనే పడవ లంగరు దించింది. పడవ యజమాని బిల్ నేగల్ చేతిలో ఉన్న ఆధారమల్లా సముద్రంలో ఒక చోటుకు గుర్తుగా కొన్ని అంకెలు. చేపల వేటకు జనాన్ని తీసుకెళ్లే ఓ కెప్టెన్ వాటిని ఇచ్చాడు. అక్కడ అడుగున ఏదో పెద్ద వస్తువు పడి ఉందని, చేపలు గుంపులుగా చేరేది అందుకేనని ఆయన నమ్మకం. ఉంటే మునిగిన ఓడ ఉండొచ్చు, లేదంటే పాత బార్జీ, అదీ కాకుంటే ఉత్త రాళ్లగుట్ట.

ముందుగా దిగి చూసి వచ్చే పని జాన్ చాటర్టన్ తీసుకున్నాడు. వియత్నాం యుద్ధంలో సైనికులకు వైద్యసేవ చేసి వచ్చినవాడు. నీళ్లలో నిర్మాణాల పనిచేసే డైవర్‌గా పొట్టపోసుకుంటున్నాడు. సెలవు దొరికితే మళ్లీ నీళ్లలోకే, మునిగిన ఓడల దగ్గరికే. ఆ రోజు పడవలో ఉన్నవాళ్లంతా అలాంటివాళ్లే. చార్జీలు తామే పెట్టుకుని, సొంత ట్యాంకులు మోసుకుని, ఎవరూ పంపకుండానే వచ్చినవాళ్లు.

లంగరు తాడు పట్టుకుని చాటర్టన్ కిందికి దిగాడు. ఉప్పునీటిలో 33 అడుగులు దిగిన ప్రతిసారీ ఒంటిమీద మరో వాతావరణ పీడనం వచ్చి పడుతుంది. అక్కడి లోతు 230 అడుగులు. అంటే ఒడ్డున ఉన్నప్పటికంటే ఎనిమిది రెట్లు. ఆ ఒత్తిడిలో మామూలు గాలిని పీలిస్తే అందులోని నైట్రోజన్ మెదడుకు మత్తెక్కిస్తుంది. ఎదురుగా ఉన్న గడియారం కనబడుతుంది గానీ అదేం చెబుతోందో బుర్రకెక్కదు. చిన్న ఇబ్బందికే గుండె దడదడలాడుతుంది. సరదాకోసం డైవింగ్ చేసేవాళ్లకు శిక్షణ సంస్థలు 130 అడుగుల దగ్గర గీత గీసింది ఊరికే కాదు. వీళ్లు ఆ గీత దాటి మరో వంద అడుగులు దిగారు.

మసక నీళ్లలో ముందు ఒక లోహపు గోడ తగిలింది. వెంబడి పాకుతూ వెళితే డెక్‌లోకి ఏటవాలుగా తెరుచుకున్న ఒక రంధ్రం. చాటర్టన్ దీపం వేసి లోపలికి చూశాడు. పొడవుగా, గుండ్రంగా, వెనక రెక్కలతో ఓ వస్తువు. మత్తులో ఉన్న మెదడును కూడగట్టుకుని మళ్లీ చూశాడు. టార్పెడో. అంటే తాను నిలబడింది జలాంతర్గామి మీద.

ఆ చుట్టుపక్కల జలాంతర్గామి మునిగినట్టు ఏ పటంలోనూ లేదు. అమెరికా నౌకాదళం దగ్గర లేదు, జర్మన్ల దగ్గర లేదు, చరిత్రకారుల పుస్తకాల్లోనూ లేదు.

మూడు వారాలు తిరక్కుండానే సముద్రం మొదటి ప్రాణం తీసుకుంది. సెప్టెంబరు 21న స్టీవ్ ఫెల్డ్‌మన్ అనే డైవర్ అడుగున స్పృహ తప్పాడు. తోడు దిగినవాడు ఆయన్ను పైకి లాగాలని చివరిదాకా పెనుగులాడాడు. తన ఊపిరే అందని స్థితి వచ్చాక చేయి వదలక తప్పలేదు. కొన్ని నెలల తర్వాత ఓ చేపల పడవ వలలో ఫెల్డ్‌మన్ శవం బయటపడింది.

ఆ నెలల్లోనే పింగాణీ గిన్నెలు పైకొచ్చాయి. వాటి అడుగున గద్ద, స్వస్తిక్ ముద్ర, 1942 అనే సంవత్సరం. నాజీ జర్మనీ జలాంతర్గామి, అంటే యు-బోటు అన్నది తేలిపోయింది. అది ఏ యు-బోటో తేలలేదు. 'హూ' అంటే ఎవరు అన్న అర్థంలో డైవర్లు దానికి 'యు-హూ' అని పేరు పెట్టుకున్నారు. రిచీ కోలర్ ఈ అన్వేషణలో చేరాడు. న్యూజెర్సీలో అద్దాల వ్యాపారం చేసుకునేవాడు. మునిగిన ఓడల్లోంచి దొరికిందల్లా పైకి తెచ్చి దాచుకోవడంలో పేరుమోసిన డైవర్ల బృందంలో ఒకడు. అతనికీ చాటర్టన్‌కూ మొదట్లో పడేది కాదు. పడవలో ఎదురెదురుగా కూచున్నా ముభావంగానే ఉండేవాళ్లు. ఈ ఓడే వాళ్లను కలిపింది.

ఆ ఏడాది చివర్లో చాటర్టన్‌కు ఒక కత్తి దొరికింది. చెక్కపిడి మీద ఎవరో తన పేరు చెక్కుకున్నారు. హోరెన్‌బుర్గ్. యాభై ఏళ్ల కిందట తోటివాడు తీసుకుపోకుండా ఒక కుర్రాడు గుర్తు పెట్టుకున్న కత్తి కాబోలు.

జర్మన్ జలాంతర్గాముల్లో మార్టిన్ హోరెన్‌బుర్గ్ అనే రేడియో ఆపరేటర్ ఒకరు ఉండేవారు. ఆయన పనిచేసింది యు-869లో. అక్కడితో కథ తేలిపోవాలి. కానీ యు-869 ఎక్కడ మునిగిందో రికార్డుల్లో అప్పటికే రాసి ఉంది. 1945 ఫిబ్రవరిలో, అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున, జిబ్రాల్టర్ వైపు. ఒక అమెరికన్ ఓడ, ఒక ఫ్రెంచ్ ఓడ కలిసి ముంచేశాయని యుద్ధం ముగిశాక అధికారులు తేల్చేశారు. కత్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారి ఉండొచ్చు, మరో ఓడలోకి చేరి ఉండొచ్చు అన్నారు నిపుణులు. వాళ్ల మాటా కొట్టేయదగింది కాదు. ఒక కత్తిని నమ్మి చరిత్రను తిరగరాయలేం.

కావలసింది ఓడే స్వయంగా చెప్పే సాక్ష్యం. దానికి రెండు దారులున్నాయి. లోపల ఎముకలున్నాయి, పుర్రెలున్నాయి. వాటి నడుమ వెతికితే పేరున్న గడియారమో, లైటరో దొరికే వీలుంది. చాటర్టన్, కోలర్ ఇద్దరూ ఆ దారి వద్దనుకున్నారు. చనిపోయినవాళ్ల అవశేషాలను కదపకూడదని నియమం పెట్టుకున్నారు. ఈ గాథలో నా మనసుకు అన్నిటికంటే బాగా తగిలే నిర్ణయం ఇదే. శత్రుదేశపు సైనికులు, అందులోనూ హిట్లర్ కోసం పోరాడినవాళ్లు. చూసేవాళ్లు లేరు, అడ్డుపడేవాళ్లు లేరు. అయినా ఆ నియమానికి కట్టుబడి దగ్గరి దారి వదులుకున్నారు. దూరపు దారిలో ఏళ్లకేళ్లు పట్టింది.

ఆ దారి ఓడలోపలి గదుల గుండా పోతుంది. కూలిన గోడలు, వేలాడే తీగలు, చెయ్యి తగిలితే చాలు పొగలా లేచే బురద. ఊదిన గాలిబుడగలు పైకప్పుకు తగిలి తుప్పును రాల్చుతాయి. నిమిషంలో ఏమీ కనిపించదు. అందుకని చాటర్టన్ లోపల వీడియో తీసి, ఇంట్లో మళ్లీ మళ్లీ చూసి, ప్రతి మలుపూ కంఠతా పట్టేవాడు. షికాగో మ్యూజియంలో అదే కోవకు చెందిన యు-505 ఉంది. 1944లో అమెరికా నౌకాదళం పట్టుకున్న యు-బోటు అది. ఇద్దరూ వెళ్లి అందులో నడిచి, ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో చూసుకున్నారు. గాలికి బదులు హీలియం కలిపిన ట్రైమిక్స్ పీల్చడం మొదలుపెట్టారు. హీలియం మత్తెక్కించదు. ఖరీదు మాత్రం ఎక్కువ.

ఆ ఖరీదు భరించలేనివాళ్లు పాతపద్ధతిలో గాలితోనే దిగారు. అలాంటివాళ్లే క్రిస్ రౌజ్, అతని కొడుకు క్రిస్సీ. తండ్రికి 39, కొడుక్కి 22. ఎప్పుడూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ వాదులాడుకునేవాళ్లు, నీళ్లలోకి దిగాక మాత్రం ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్లు కాదు.

1992 అక్టోబరు 12న సముద్రం పోటెత్తి ఉంది. ఓడ పేరు చెప్పే కాగితం ఏదైనా దొరుకుతుందని క్రిస్సీ లోపలికి దూరాడు. తండ్రి బయట కాపలా ఉన్నాడు. లోపల ఏదో బరువైనది విరిగి క్రిస్సీ మీద పడింది. కదల్లేకపోయాడు. తండ్రి లోపలికి వెళ్లి కొడుకును విడిపించాడు. అప్పటికి ఇద్దరూ అనుకున్న సమయం దాటిపోయింది, గాలి ఖర్చయిపోయింది, బురద లేచి దారి తప్పారు. తిరిగి వచ్చేటప్పుడు వాడుకుందామని బయట పెట్టుకున్న ట్యాంకులు సకాలంలో అక్కరకు రాలేదు.

అంత లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగాలి. రక్తంలో, కండరాల్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా ఊపిరితో బయటికి పోవాలి. అడుగున ఇరవై నిమిషాలుంటే పైకి రావడానికి గంటకు పైనే. ఆగకుండా వస్తే మూత తీసిన సోడాసీసాలోలా ఒళ్లంతా బుడగలు పుడతాయి. రౌజ్ తండ్రీకొడుకులకు ఆగే దారి లేదు. ఆగితే ఊపిరాడక చావు, ఆగకుంటే బుడగలతో చావు. పైకే వచ్చారు.

సీకర్ మీదికి చేర్చేసరికి తండ్రి పరిస్థితి చేయి దాటిపోయింది. చాటర్టన్, మిగతావాళ్లు గుండె నొక్కుతూ ఎంత పాటుపడినా ప్రాణం నిలవలేదు. కొడుకు స్పృహలోనే ఉన్నాడు, భరించలేని నొప్పితో అల్లాడాడు. కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ తండ్రీకొడుకుల్ని ఆసుపత్రికి చేర్చింది. పీడనం పెంచే గదిలో పెట్టి వైద్యులు పోరాడినా క్రిస్సీ కూడా దక్కలేదు. ఒక పేరు కోసం ఒక ఇంట్లో ఒకే రోజు ఇద్దరు పోయారు. ఆ ఇల్లాలికి అటు భర్త, ఇటు కొడుకు. ఎంత గొప్ప అన్వేషణ అయినా ఈ లెక్కకు సరితూగుతుందని నేను అనలేను.

మరుసటి ఏడాది బిల్ నేగల్ పోయాడు. 'ఆండ్రియా డోరియా' అనే ప్రసిద్ధ నౌక గంటను 1985లో బయటికి తెచ్చిన బృందాన్ని నడిపిన మొనగాడు, తాగుడుకు బలయ్యాడు. చాటర్టన్, కోలర్ ఇద్దరి సంసారాలూ చెదిరాయి. యుద్ధకాలపు రహస్య సందేశాలు మాత్రం వాళ్లవైపు సాక్ష్యం పలకసాగాయి. యు-869 1944 డిసెంబరులో నార్వే నుంచి బయల్దేరింది. మొదట దాన్ని పంపింది అమెరికా తీరానికే. మధ్యదారిలో జిబ్రాల్టర్ వైపు మళ్లమని ఆదేశం వెళ్లింది. ఆ ఆదేశం ఓడకు అందిందనడానికి రుజువే లేదు. కెప్టెన్ హెల్ముట్ నాయర్‌బుర్గ్ మొదటి ఆజ్ఞనే పాటిస్తూ వచ్చి ఉంటాడు. కార్యాలయంలో పటం మీద గుర్తు ఒక దిక్కుకు జరిగింది, ఓడ మాత్రం ఇంకో దిక్కుకు వెళ్లింది.

1997 ఆగస్టు 31. ఇక మిగిలింది ఓడ వెనక భాగంలోని మోటారు గది. దానికి అడ్డంగా కూలిన పెద్ద ఇంధన ట్యాంకు. దానికీ పైకప్పుకూ నడుమ ఒక సందు. రెండు ట్యాంకులతో మనిషి అందులో పట్టడు. చాటర్టన్ వీపున ఉన్న ట్యాంకులు విప్పేసి, ఒక్క ట్యాంకే ముందు పట్టుకుని సందులోంచి దూరాడు. ఒక ట్యాంకు అంటే లెక్కపెట్టుకున్న కొద్ది నిమిషాల గాలి. తప్పు జరిగితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు. ఈవలి వైపు కోలర్ కాచుకుని ఉన్నాడు.

లోపల విడిభాగాల పెట్టెలు కనిపించాయి. అడ్డంగా బరువైన ఇనుప వస్తువు. చాటర్టన్ సమ్మెట ఎత్తి బాదాడు. నీళ్లలో సమ్మెటకు ఊపు రాదు, ఒంట్లోని శక్తి, ట్యాంకులోని గాలి మాత్రం కరుగుతాయి. మళ్లీ బాదాడు. అడ్డు తొలగింది. పెట్టెలను సందులోంచి కోలర్ చేతికి అందించాడు. తాను వెనక్కి వచ్చే దారిలో తీగల్లో చిక్కుకున్నాడు. గాలి అడుగంటింది. పెనుగులాడి విడిపించుకుని, బయట వదిలిన ట్యాంకులను ఊపిరి ఆగిపోతున్న వేళ అందుకున్నాడు.

పెట్టెకు బిగించిన చిన్న లోహపు పలక మీద అక్షరాలు చెక్కుచెదరలేదు: యు-869.

చనిపోయిన 56 మంది ఇంటివాళ్లకు అర్ధశతాబ్దం పాటు తప్పు సముద్రం చూపించారు. అది ఇప్పుడు సరైంది. ఓడ ఎలా మునిగిందన్న వాదన మాత్రం తేలలేదు. సొంత టార్పెడోనే తిరిగొచ్చి తగిలిందని డైవర్ల అభిప్రాయం. 1945 ఫిబ్రవరి 11న రెండు అమెరికన్ యుద్ధనౌకలు చేసిన దాడి వల్ల మునిగిందని 2005లో కోస్ట్ గార్డ్ అంచనా వేసింది.

ఆ ఓడలో హోరెన్‌బుర్గ్‌తో కలిసి రేడియో గదిలో పనిచేయాల్సిన హెర్బెర్ట్ గుషెవ్‌స్కీ బయల్దేరే ముందు జబ్బుపడి జర్మనీలోనే ఆగిపోయాడు. ముసలితనంలో ఉన్న ఆయనను ఈ డైవర్లు వెతుక్కుంటూ వెళ్లి కలిశారు. ఓడలో చనిపోయినవాళ్ల ఇళ్లకూ కోలర్ జర్మనీ వెళ్లాడు. వస్తువులు పోగేసుకోవడానికి నీళ్లలోకి దిగిన మనిషి, ఆ 56 మంది ఎక్కడున్నారో వాళ్లవాళ్లకు తన నోటితో చెప్పడానికి సముద్రం దాటి వెళ్లాడు.