జీర్ణోద్ధరణం - సున్నం, సిమెంటు



కొత్త గుడి కట్టించడం కంటె శిథిలాలయాన్ని ఉద్ధరించడం మిక్కిలి పుణ్యప్రదమని పెద్దల మాట. అయితే ఉద్ధరణ అంటే పగిలిన చోటనల్లా సిమెంటు మెత్తడమేనా? దీనికి సమాధానం సూర్యాపేట చెంతనే, పిల్లలమర్రిలో, ఎనిమిది శతాబ్దాలుగా నిలిచి ఉన్నది.

కాకతీయుల సామంతులైన రేచర్ల ప్రభువులు ఆ గ్రామాన్ని ఆలయాలతో అలంకరించారు. నామిరెడ్డి 1202లో నామేశ్వరాలయాన్ని, బేతిరెడ్డి ధర్మపత్ని ఎరకసాని 1208లో ఎరకేశ్వరాలయాన్ని నిర్మింపజేశారు. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు లభించినదే 1824లో. కనుక ఈ గుళ్లు సిమెంటు ఎరుగవు. రాతిపై రాయిని పొందికగా కూర్చి గోడలు లేపారు. రామప్ప విమానానికి నీటిపై తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు.

ఇటుక కట్టడాలకు, పూతలకు మన పూర్వులు వాడినది డంగు సున్నం. కాల్చిన సున్నపురాయిని నీటితో విరిసి, ఇసుక చేర్చి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపేవారు. రాయి కాలినప్పుడు విడిచిన బొగ్గుపులుసు వాయువులో చాలా భాగాన్ని సున్నం గట్టిపడుతూ గాలి నుండి తిరిగి గ్రహించి, మరల రాయి అవుతుంది.

కోదాడ మీదుగా మేళ్లచెరువు శంభులింగేశ్వరుని దర్శనానికి వెళ్లేవారికి ఆ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు కనిపిస్తాయి. వాటికీ సున్నపురాయే ఆధారం. దానిని మట్టితో కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఇంధనపు పొగ దానికి అదనం. ప్రపంచంలో మానవులు విడిచే ఈ వాయువులో దాదాపు 7, 8 శాతం సిమెంటు తయారీదే. ఎందరికో అన్నం పెడుతున్న పరిశ్రమను నిందించడం మన ఉద్దేశం కాదు. అవసరమైన చోట, అవసరమైనంతే వాడుకోవడం వివేకం.

మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణం. 100 కిలోల వడ్లలో సుమారు 20 కిలోలు ఊక. అది కాలితే ఐదోవంతు బూడిద మిగులుతుంది. అదుపైన వేడిలో కాల్చి మెత్తగా నూరిన ఊకబూడిదలో సిలికా అధికం. అది సున్నంతో కలిసి రాయివలె బిగుసుకుంటుంది గనుక కాంక్రీటులో సిమెంటుకు బదులు కొంత భాగం వాడవచ్చు. అయితే ప్రతి మిల్లు బూడిదా పనికిరాదు. ముందుగా పరీక్ష చేయించాలి. విభూతిని నుదుట ధరించే మనకు భస్మం విలువ వేరుగా చెప్పాలా?

కాబట్టి ధర్మకర్తలకు, దాతలకు ఒక విన్నపం. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటకు పోదు. లవణాలు పేరుకొని ఇటుక, రాయి పొడిగా రాలుతాయి. భక్తితో చేసిన పనే గుడికి చేటు తెస్తుంది. పాత గుడికి సున్నమే వాడండి. ఆ పని తెలిసిన మేస్త్రీలను, పురావస్తు శాఖవారిని సంప్రదించండి. కొత్త మండపానికి స్థానిక శిలను, బూడిద కలిసిన సిమెంటును ఇంజనీరు సలహాతో ఎంచుకోండి. ఎరకసాని మనకు అప్పగించిన శిలను మన మనుమలకు చెక్కుచెదరకుండా అప్పగించడమే నిజమైన జీర్ణోద్ధరణం.

స్వస్తి.