పాపన్న బతికి ఉంటే ఏమనేవాడు?

"మామూ, సర్వాయి పాపన్న మనోడా, మనల్ని కొట్టినోడా?"

పోయిన ఆగస్టులో మా భాంజా నన్ను అడిగిన సవాల్ ఇది. వాడు తొమ్మిదో తరగతి. ఆగస్టు 18న వాళ్ళ బడిలో పాపన్న జయంతి చేశారు. ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని "ఇయ్యాల పాపన్న బతికి ఉంటే..." అని మొదలుపెట్టి, తురకల రాజ్యం మీద నాలుగు మాటలు అన్నాడట. పక్క బెంచీ దోస్తులు తిరిగి మావాడి మొహం చూశారట. సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఇంకో మెసేజ్: పాపన్న బతికి ఉంటే ముస్లింల భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడని. ఒకే మనిషి, ఒకే రోజు, రెండు ఫైసలాలు. పిల్లగాడు పరేషాన్ కాక ఏం చేస్తాడు?

మాది రఘునాథపల్లి. పాపన్న కట్టించిన షాపూర్ కోట, అంటే ఇప్పటి ఖిలాషాపూర్, మా మండలంలోనే ఉంది. చిన్నప్పుడు ఆ బురుజులెక్కి ఆడుకున్నాం గానీ, అవి ఎవరివో మాకు తెలియదు. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో పాపన్న పేరే వినలేదు. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక జానపద కథల్లో ఆయన మొదటిసారి కలిశాడు. ఆ తర్వాత ఖాఫీ ఖాన్ ఫార్సీలో రాసిన 'ముంతఖబుల్ లుబాబ్' సంగతి తెలిసింది. అందులోనూ ఉన్నాడు, పాప్‌రా అనే పేరుతో, డాకూగా. ఒక జుబాన్‌లో సర్దార్, ఇంకో జుబాన్‌లో లుటేరా. రెండూ నా జుబాన్లే.

ముందు సర్దార్ సంగతి. గౌడ కులంలో పుట్టి, తాళ్ళెక్కే పని వద్దని తల్లితో చెప్పి, గోల్కొండ మీద కన్నేసిన మనిషి. జనం పాడుకున్న కథలో ఆయన వెంట నడిచినవాళ్ళ పేర్లున్నాయి. హసన్, హుసేన్, తురక హిమాం, దూదేకుల పీరు, కొత్వాల్ మీర్ సాహెబ్. వాళ్ళతోపాటు చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు, మేదరి యెంకన్న. మరి ఎదుటి పక్షంలో మొగల్ ఫౌజ్‌దార్లే ఉన్నారా? కౌలాస్ జమీందారు వెంకటరావూ పాపన్న మీదికి వచ్చినవాడే. అంటే పెద్దల్లో హిందువూ ముసల్మానూ ఒక వైపు, చిన్నోళ్ళలో హిందువూ ముసల్మానూ ఇంకో వైపు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కన్ మీద రాసిన పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. ఆయన చూపించింది కూడా ఇదే.

కొన్నేళ్ళ కింద నేను పాపన్న మీద ఒక వ్యాసం రాశాను. ఈ హసన్, హుసేన్‌ల పేర్లన్నీ పెట్టాను. మస్తు మంది మెచ్చుకున్నారు. ఒక ముక్క మాత్రం తెలిసి తెలిసి వదిలేశాను. అది ఇప్పుడు చెప్పాలి.

1708లో పాపన్న వరంగల్ మీద పడ్డాడు. మొహర్రం రోజులవి. ఊరంతా ఆశురా తయారీలో ఉంది. అది చూసుకునే వచ్చాడు. తివాచీలు, బట్టలు, సొమ్ము దోచుకున్నాడు. ఊరి ఖాజీ భార్యనూ కూతురినీ, ఇంకా ఎందరో ఆడవాళ్ళను పట్టుకుపోయాడు. మరుసటి ఏడు, 1709 జనవరిలో, బాద్‌షా బహదూర్ షా హైదరాబాద్ వస్తే పాపన్న 14 లక్షల రూపాయల నజరానా పెట్టాడు. బాద్‌షా ఆయనకు ఖిల్అత్ కప్పాడు. షా ఇనాయత్ అనే బుజుర్గ్ బిడ్డల ఇజ్జత్ గురించి ఫర్యాద్ చేశాకే దర్బార్ కదిలింది. యూసుఫ్ ఖాన్‌కు హుకుం వెళ్ళింది. షాపూర్ కోట పడింది. 1710లో పాపన్నను పట్టుకుని, చంపి, తలను బాద్‌షాకు పంపారు.

దీన్ని నేను ఎందుకు వదిలేశాను? డర్. ఇది రాస్తే ఒకాయన "చూడండి, పాపన్న తురకలను ఎట్ల కొట్టిండో" అని సంబరపడతాడు, ఇంకొకాయన "మన బిడ్డల్ని ఎత్తుకుపోయినోడికి నువ్వు సలాం కొడతావా" అని నన్ను నిలదీస్తాడు. ఇద్దరికీ జవాబు చెప్పే హిమ్మత్ అప్పుడు లేకపోయింది. కానీ ఆ దాడిలో దోపిడీకి గురైనవాళ్ళు కలిగినోళ్ళు, వ్యాపారులు, హోదా ఉన్నవాళ్ళు. దోచినవాళ్ళలో హసన్, హుసేన్ ఉన్నారో లేదో గానీ ఆ గుంపులో మనవాళ్ళు ఉన్నారని కథే చెబుతోంది. ఎత్తుకుపోబడ్డ ఆడవాళ్ళకు మాత్రం ఈ లెక్కలేవీ తసల్లీ ఇవ్వవు. జుల్మ్ మీద లేచినవాడు కూడా జుల్మ్ చేయగలడు. రెండూ సచ్ బాత్‌లే.

ఇక "బతికి ఉంటే" అనే మాటకు వద్దాం. ఇదే జనగామ జిల్లాలో, దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెంలో, షేక్ బందగీ అనే పేద రైతు ఉండేవాడు. భూమి తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి తలవంచలేదు. కోర్టుకెక్కి గెలిచాడు. 1940 జూలై 27న దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను చంపేశారు. తఖ్త్ మీద ఉన్నది నిజాం, చనిపోయింది ముసల్మాన్. ఆ తఖ్త్ ఆయన్ని కాపాడలేదు. ఆయన్ని గుండెలో పెట్టుకున్నది ఊళ్ళలోని రైతులు, ఎక్కువ మంది హిందువులు. 'మా భూమి' నాటకంలోకి ఆయన పేరు ఎక్కింది. అదే దేశ్‌ముఖ్ గూండాల తుపాకీకి 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య బలయ్యాడు.

మహబూబాబాద్ వైపు పుట్టిన షోయబుల్లా ఖాన్ సంగతీ అంతే. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ అఖ్బార్ నడిపాడు. హైదరాబాద్ హిందుస్తాన్‌లో కలవాలని, రజాకార్ల జుల్మ్ ఆగాలని రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి, దఫ్తర్ నుంచి ఇంటికి పోతుంటే చంపారు. కలం పట్టిన చేతిని నరికారు. నరికినవాళ్ళు కలిమా చదివేవాళ్ళే. సెప్టెంబర్ 17 వస్తే టీవీ వాళ్ళు షోయబుల్లాను మన మీద గవాహీగా నిలబెడతారు. మనమేమో ఆయన పేరు ఎత్తడానికే జంకుతాం.

ఈ ముగ్గురినీ లేపి ఇప్పటి జమానా మీద ఫైసలా అడిగితే? బందగీ ముందుగా పహాణీలో ఎవరి పేరుందో చూస్తాడు. కోర్టులో గెలిచిన పేదవాడు ఊళ్ళో బతకగలుగుతున్నాడా అని అడుగుతాడు. షోయబుల్లా నన్నే అడుగుతాడు, "నీ సొంత కౌమ్‌కు నచ్చని మాట ఎప్పుడైనా రాశావా?" అని. నా దగ్గర జవాబు తక్కువే ఉంది. పాపన్న అయితే తన విగ్రహానికి దండ వేస్తున్న పెద్దమనుషుల్ని పరఖ్ చేసి, తాళ్ళెక్కే మనిషికి కుర్చీ ఏదని అడుగుతాడేమో. ఇవి కూడా నా ఊహలే. కాకపోతే వాళ్ళు చేసిన పనుల నుంచే తీసుకున్నాను. నాకు కావలసిన మాటలు వాళ్ళ నోట్లో పెట్టకుండా ఉండటానికి కోషిష్ చేశాను.

భాంజాకు ఇదంతా చెప్పాను. వాడు కాసేపు చుప్‌గా ఉండి, "అయితే వచ్చే ఏడు జయంతికి నేను స్టేజీ మీద మాట్లాడనా?" అన్నాడు. మా ఆపా వంటింట్లో నుంచే "ఏం అవసరం లేదు, సదువుకో" అంది. ఆమె డర్ నాకు సమజైంది, నేను కూడా అదే డర్‌తో వ్యాసం కత్తిరించినోడినే కదా.

"మాట్లాడు బేటా" అన్నాను. "హసన్, హుసేన్ పేర్లు చెప్పు, చాకలి సర్వన్న పేరు చెప్పు. వరంగల్‌లో ఆశురా నాడు ఏం జరిగిందో కూడా చెప్పు. ఏదీ దాచకు."

వాడు నోట్‌బుక్ తెచ్చుకుని పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. మా ఆపా ఏమీ అనకుండా వచ్చి వాడి పక్కన కూర్చుంది.