సాధారణ విద్యలో అమ్మ పని

కొన్నేళ్ళ క్రితం నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో, ఏ గ్రూపు వాళ్ళయినా సరే డిగ్రీ పిల్లలందరూ చదవాల్సిన ఫౌండేషన్ కోర్సుకి సిలబస్ తయారుచెయ్యమన్నారు. ఇంట్లో, పొలంలో స్త్రీల శ్రమ గురించి ఒక యూనిట్ రాశాను. ‘ఇది అందరికీ ఎందుకమ్మా? ఆడపిల్లలకి విడిగా ఒక సెమినార్ పెట్టండి’ అన్నారు కమిటీలో పెద్దాయన.

‘అందరూ’ అంటే ఎవరు? ఈ ప్రశ్నకి చాలా చరిత్రే ఉంది.

స్వతంత్ర భారతంలో విశ్వవిద్యాలయాలకు సాధారణ విద్యను గట్టిగా సిఫారసు చేసింది 1948లో వేసిన రాధాకృష్ణన్ కమిషన్. పదిమంది సభ్యులూ పురుషులే. ఏ శాస్త్రంలో ప్రవేశం ఉన్నా విద్యార్థికి విజ్ఞానశాస్త్రం, మానవీయశాస్త్రాలు, సామాజికశాస్త్రాలు కొంతైనా తెలియాలని 1949 నివేదికలో వాళ్ళు చెప్పారు. మంచి మాటే. స్త్రీ పురుషుల్లో ఒకరికే సాధారణ విద్య ఇవ్వగలిగితే అది స్త్రీలకే ఇవ్వాలని కూడా అన్నారు. ఎందుకని? ఆమె ద్వారా తర్వాతి తరానికి అందుతుందని! ఆమెకు తగిన చదువులుగా గృహవిజ్ఞానం, నర్సింగ్, ఉపాధ్యాయ వృత్తి, లలితకళలను పేర్కొన్నారు. అంటే పురుషుడి చదువు అతని కోసం, స్త్రీ చదువు పిల్లల కోసం.

ఈ లెక్కని మార్చే ప్రయత్నం ఒకటి హైదరాబాదులో జరిగింది. అన్వేషి పరిశోధకులు జెండర్ మీద తెలుగు, ఇంగ్లీషు భాషల్లో రాసిన పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ ప్రచురించింది. జె.ఎన్.టి.యు. హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులకి దాన్ని పాఠంగా పెట్టారు. అమ్మాయిలకి జాగ్రత్తలు చెప్పే పుస్తకం కాదది. ఇంటిపనిని కనిపించని శ్రమగా అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదవాల్సిన పాఠం.

ఆ ఉదాహరణ చూపించి వాదించాక నా యూనిట్ ఉండనిచ్చారు. క్లాసులో మొదట తల్లి వృత్తి రాయమన్నాను. చాలామంది ‘హౌస్‌వైఫ్’ అనే రాశారు. తర్వాత అమ్మ ఒకరోజు రాయమన్నాను. తెల్లారకముందే వంట, ఆటోలో మిరపకోతకి ప్రయాణం, సీజన్‌లో తొడిమలు తీయడం, తాలుకాయలు ఏరడం, ఘాటుకి చేతులు మండి రాత్రి నిద్ర పట్టకపోవడం, అన్నీ వచ్చాయి. ‘మేడం, ఇందాక రాసింది దిద్దుకోవచ్చా?’ అన్నాడొక అబ్బాయి.

నేను మాత్రం దిద్దుకోలేదు. పెదకాకానిలో మా అమ్మ పత్తి తీసిన కూలి డబ్బులతో నా ఫీజు కట్టింది. పిహెచ్.డి. దరఖాస్తులో తల్లి వృత్తి దగ్గర నేనూ ‘గృహిణి’ అనే రాశాను. సాహిత్యంలో స్త్రీవాదం మీద పరిశోధన చెయ్యడానికే ఆ దరఖాస్తు.

మరుసటి ఏడాది సిలబస్ మార్చారు, ఆ యూనిట్ తీసేశారు. సమయం చాలడం లేదన్నారు. అమ్మ రోజుకి సంబంధించిన ఆ కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. మళ్ళీ ఎవరైనా సిలబస్ రాయమంటే మొదటి పాఠం వాటితోనే మొదలుపెడతాను.